ముందు మనుషులు, ఆ తర్వాత మిషన్లు: ఎ.ఎస్. రావు గారి జీవితం

నల్లగొండ నుండో, మహబూబ్‌నగర్ నుండో హైదరాబాదుకు వెళ్ళిన ప్రతి విద్యార్థి సిటీ బస్సుల బోర్డుల మీద రెండు పేర్లు చూసే ఉంటాడు. ఒకటి ఈసిఐఎల్ క్రాస్ రోడ్స్, రెండవది ఎ.ఎస్. రావు నగర్. మొదటిది ఒక ఫ్యాక్టరీ పేరు. రెండవది ఆ ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషి పేరు. బోర్డు చదివి బస్సెక్కుతాం గాని, ఆ పేరు గల మనిషి ఎవరని అడిగేవారు తక్కువ.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము అయ్యగారి సాంబశివరావు గారిని, అంటే అందరికీ తెలిసిన ఎ.ఎస్. రావు గారిని ఎంచుకున్నాం. దీనికి ఒక కారణం ఉంది. మనలో ఐటిఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు చదివేవారు ఉన్నారు. పాలిటెక్నిక్‌లో ఇసిఇ చదివేవారు ఉన్నారు. ఇంటర్లో ఎంపిసి తీసుకుని, ఫిజిక్సు పుస్తకం చివర ఉండే అర్ధవాహకాల పాఠం పరీక్షకు వస్తుందా రాదా అని చూసుకునేవారూ ఉన్నారు. చిప్పులు, కంప్యూటర్లు పెద్ద ఊళ్ళవాళ్ళ చదువని, మనకు అందేది కాదని మన మనసుల్లో ఎక్కడో ఒక భయం ఉంది. ఆ భయం ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి ఈ జీవితం పనికొస్తుందని మా నమ్మకం.

మోగల్లు నుండి కాశీ దాకా

రావు గారు 1914లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరానికి దగ్గరలో ఉన్న మోగల్లు గ్రామంలో పుట్టారు. అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా అదే. అప్పటికి మన దేశంలో రేడియో ప్రసారాలే మొదలు కాలేదు. ఎలక్ట్రానిక్స్ అనే మాట ఆ రోజుల్లో ఏ పల్లెటూరి పిల్లవాని చెవిన పడే అవకాశం లేదు.

ఆ ఊరి నుండి బయలుదేరిన కుర్రవాడు కాశీ వెళ్ళి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివారు. చదువు పూర్తి అయ్యాక అక్కడే ఆరు సంవత్సరాలు పాఠాలు చెబుతూ, పరిశోధన చేస్తూ గడిపారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ లభించింది. ఆ సహాయంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన స్కాలర్‌షిప్‌తో చదివిన మనిషి. ఒకరు పెట్టిన నిధి మరొకరి చదువుకు ఆధారమైంది. మనం కూడా ప్రభుత్వం ఇచ్చే మెస్ చార్జీల మీద, స్కాలర్‌షిప్ మీద చదువుతున్నవాళ్ళమే. సహాయంతో చదవడం చిన్నతనం కాదు. ఆ సహాయం ఎక్కడికి చేరిందనేదే లెక్క.

ఆయన అమెరికా వెళ్ళిన మరుసటి సంవత్సరం, 1947 డిసెంబరులో, అదే దేశంలోని బెల్ లేబొరేటరీస్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనే శాస్త్రవేత్తలు జెర్మేనియం ముక్కతో మొదటి ట్రాన్సిస్టర్‌ను పని చేయించారు. వారి బృందానికి నాయకుడు విలియం షాక్లీ. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. రావు గారు చదివిన స్టాన్‌ఫర్డ్ చుట్టుపక్కల ప్రాంతమే తరువాతి రోజుల్లో సిలికాన్ వ్యాలీ అయింది. అయితే ఈ విద్యకు మన దేశంలోనూ పాత వేర్లు ఉన్నాయి. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గారు గెలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పట్టే సాధనం తయారుచేసి, 1904లోనే అమెరికాలో పేటెంటు పొందారు. అర్ధవాహకంతో చేసిన సాధనాలకు వచ్చిన తొలి పేటెంట్లలో అది ఒకటి.

అర్ధవాహకం అంటే ఏమిటి?

కింది తరగతుల తమ్ముళ్ళ కోసం ఈ సంగతి కొంచెం వివరంగా చెబుతాం.

రాగి తీగలో కరెంటు సులభంగా పారుతుంది, అది వాహకం. ఫ్యూజు పెట్టె పింగాణీలో పారదు, అది బంధకం. ఈ రెండింటి నడుమ ఉన్నవి సిలికాన్, జెర్మేనియం వంటి అర్ధవాహకాలు. సిలికాన్ మనకు కొత్తది కాదు. వాగులోని ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉండేది అదే. పరిశుద్ధమైన సిలికాన్‌లో కరెంటు చాలా తక్కువ పారుతుంది. అందులో ఫాస్ఫరస్ వంటి మూలకాన్ని అతి స్వల్పంగా కలిపితే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. దాన్ని ఎన్-రకం అంటారు. బోరాన్ కలిపితే ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీలే రంధ్రాలు, ఆ ముక్క పి-రకం. ఇలా కలపడాన్నే మన పుస్తకాల్లో మాదీకరణం అన్నారు.

పి-రకం, ఎన్-రకం ఒకే ముక్కలో పక్కపక్కన ఉంటే డయోడ్ అవుతుంది. బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ మనందరికీ తెలుసు. నీళ్ళను పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. డయోడ్ కూడా కరెంటును ఒకవైపే పోనిస్తుంది. సిలికాన్ డయోడ్ తెరుచుకోవాలంటే సుమారు 0.7 వోల్టులు కావాలి. మన గోడ ప్లగ్గులోని కరెంటు సెకనుకు 50 ఆవృత్తాల లెక్కన అటూ ఇటూ దిశ మారుతూ ఉంటుంది. దాన్ని ఒకవైపుకు తిప్పితే గాని సెల్‌ఫోన్ బ్యాటరీ చార్జి కాదు. చార్జర్ లోపల ఆ పని చేసేవి డయోడ్లే.

ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్ళు ఉంటాయి. ఎమిటర్, బేస్, కలెక్టర్. దీన్ని చెరువు తూముతో పోల్చుకోవచ్చు. తూము షట్టరును తిప్పడానికి ఒక మనిషి బలం చాలు. కాని దాని వల్ల పారే నీరు వందల ఎకరాలు తడుపుతుంది. అలాగే బేస్ దగ్గర ఇచ్చే చిన్న కరెంటు, కలెక్టర్ నుండి ఎమిటర్‌కు పారే పెద్ద కరెంటును అదుపు చేస్తుంది. సగం సగం తెరుస్తూ మూస్తూ ఉంటే అది ఆంప్లిఫయర్. మన వార్షికోత్సవంలో మైకు సెట్టు చేసేది ఈ పనే. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం మాత్రమే చేస్తే అది స్విచ్. కంప్యూటరు అంతా ఇలాంటి స్విచ్చుల సమూహం.

ట్రాన్సిస్టర్ రాకముందు ఈ పనులన్నీ గాజు వాల్వులు చేసేవి. పాత పంచాయతీ రేడియో ఆన్ చేస్తే వాల్వులు వేడెక్కేదాకా పాట వినిపించేది కాదు. వాటికి ఎక్కువ వోల్టేజి కావాలి, కొన్నాళ్ళకు మాడిపోతాయి. ట్రాన్సిస్టర్ గింజంత ఉంటుంది, వేడెక్కే దాకా ఆగనక్కరలేదు, రెండు మూడు బ్యాటరీ సెల్లులతో పనిచేస్తుంది. 1958, 1959లలో జాక్ కిల్బీ, రాబర్ట్ నోయ్స్ ఒకే ముక్క మీద అనేక భాగాలను అమర్చే మార్గం కనిపెట్టారు. అదే చిప్. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. నేటి మంచి సెల్‌ఫోన్ చిప్‌లో వెయ్యి కోట్లకు పైగా ఉంటాయి.

ట్రాంబేలో తొలి పాఠం

అమెరికా నుండి తిరిగి వచ్చిన రావు గారు బొంబాయిలో హోమీ భాభా గారి దగ్గర చేరారు. మొదట కాస్మిక్ కిరణాల మీద పరిశోధన. అంతరిక్షం నుండి వచ్చే ఆ కిరణాలు కంటికి కనిపించవు. వాటిని పట్టడానికి డిటెక్టరు కావాలి, డిటెక్టరు ఇచ్చే అతి చిన్న విద్యుత్ సంకేతాన్ని పెంచడానికి సర్క్యూట్లు కావాలి, లెక్కపెట్టడానికి కౌంటర్లు కావాలి. ఆ పరికరాలు బయట దేశాల నుండి తెప్పించాలంటే డబ్బూ కావాలి, నెలల తరబడి ఎదురుచూపూ కావాలి. పాడైతే బాగుచేసేవారు ఉండరు. అందుకని ఆ పరిశోధకులు తమకు కావలసిన పరికరాలు తామే చేసుకోవడం అలవాటు చేసుకున్నారు. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ విభాగం ఆ అలవాటు మీదే పెరిగింది. దానికి పెద్ద దిక్కు రావు గారు.

ఆ విభాగానికి అసలైన పరీక్ష అప్సర రియాక్టరు. రియాక్టరు లోపల ఎన్ని న్యూట్రాన్లు పుడుతున్నాయో క్షణక్షణం తెలియాలి. అవి హద్దు మీరితే, మనిషి చూసి చెయ్యి కదిపే లోపలే, న్యూట్రాన్లను పీల్చుకునే కడ్డీలు లోపలికి పడిపోవాలి. చూడడం, లెక్కకట్టడం, ఆపడం అన్నీ ఎలక్ట్రానిక్స్ పనే. అప్సరకు ఇంధనం ఇంగ్లండు నుండి వచ్చింది. కాని దాని కంట్రోల్ పరికరాలను రావు గారి బృందం ఇక్కడే తయారుచేసింది. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. ఆసియా ఖండంలో సోవియట్ యూనియన్ వెలుపల నడిచిన తొలి రియాక్టరు అదే.

ఈ పనిలో తేలిన సంగతి ఒకటుంది. మన కుర్రవాళ్ళకు పని అప్పగించి, బాధ్యత పెట్టి, పరికరం విప్పి చూసే అవకాశం ఇస్తే వాళ్ళు చేయగలరు. రావు గారి తరువాతి జీవితమంతా ఈ ఒక్క సంగతి మీద నడిచిందని మాకనిపిస్తుంది. 1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగు శాస్త్రాలలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చాయి.

భాభా కమిటీ

1962లో చైనాతో యుద్ధం జరిగింది. రేడియో సెట్లకు, రాడార్లకు కూడా పరదేశాల వైపు చూడవలసిన స్థితి అందరికీ కళ్ళకు కట్టింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఆ కాలంలోనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు చేయడం మొదలుపెట్టింది. కాని దేశమంతటికీ ఒక పథకం లేదు. 1963లో ప్రభుత్వం భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. అందులో సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు గార్లు. నలుగురు కూర్చున్న ఆ కమిటీలో ఇద్దరు తెలుగువాళ్ళు కావడం మనకు గర్వకారణం.

విడిభాగాల దగ్గర నుండి కంప్యూటర్ల దాకా దేశంలో ఏమేమి తయారు కావాలో, పదేళ్ళలో ఎంత కావాలో ఆ కమిటీ లెక్క వేసింది. నివేదిక 1966లో వెలువడింది. కాని దాన్ని అమలు చూడడానికి భాభా గారు లేరు. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. కాగితం మీది మాటను ఇటుకలుగా, మనుషులుగా మార్చే పని మిగిలినవారి మీద పడింది.

కుషాయిగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీ

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసిఐఎల్, అణుశక్తి శాఖ కింద ఏర్పడింది. రావు గారు దాని మొదటి మేనేజింగ్ డైరెక్టరు. అదే సంవత్సరం ఆగస్టులో మన నల్లగొండ అంచున నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఒకటి పొలాలకు నీళ్ళిచ్చే పని, రెండవది కొత్త విద్యకు నీళ్ళు పోసే పని.

చాలా ఫ్యాక్టరీలు విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకుని, వాళ్ళ డ్రాయింగులు కొనుక్కుని, వాళ్ళ మిషన్ల మీద పని మొదలుపెడతాయి. ఈసిఐఎల్ అలా మొదలు కాలేదు. ట్రాంబేలో ఏళ్ళ తరబడి పని నేర్చుకున్న మనుషులు ముందు ఉన్నారు. వాళ్ళు తయారుచేసి చూసిన పరికరాలు ముందు ఉన్నాయి. వాటిని ఎక్కువ సంఖ్యలో చేయడానికి ఫ్యాక్టరీ తరువాత వచ్చింది.

అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన కంట్రోల్ ప్యానెళ్ళు ఇక్కడ తయారయ్యాయి. 1969లో ట్రాంబేలో టిడిసి-12 అనే కంప్యూటరు నడిచింది. మన దేశంలో తయారై, పనిలోకి దిగిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. దాన్ని, దాని తరువాత టిడిసి-312, టిడిసి-316 లను ఈసిఐఎల్ తయారుచేసి విశ్వవిద్యాలయాలకు, పరిశోధనాలయాలకు ఇచ్చింది. వాల్వులు లేకుండా పూర్తిగా అర్ధవాహకాలతో పనిచేసే టీవీని దేశంలో ముందుగా చేసిన ఘనత కూడా ఈసిఐఎల్‌దే. ఈసీ టీవీ పేరు మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ గుర్తు.

ఇవన్నీ పొగడ్తలుగానే మిగిలిపోకూడదు కాబట్టి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. సొంతంగా చేసుకోవడం వల్ల ఆలస్యమైందని, ఖర్చు పెరిగిందని ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి. పరికరం ఇక్కడ చేసినా, లోపల వేసే ముఖ్యమైన చిప్పులు చాలావరకు బయట నుండే రావలసి వచ్చింది. 1982 ఆసియా క్రీడల నాడు కలర్ టీవీలు వచ్చాక, విదేశీ కిట్లు తెచ్చి బిగించే కంపెనీలు పెరిగిపోయి ఈసీ టీవీ మెల్లగా వెనుకబడింది. అయినా అణు కేంద్రాల కంట్రోల్ రూములు, రక్షణ పరికరాలు, ఓటింగు యంత్రాలు వంటి, ఇతరులను నమ్మి వదలలేని చోట్ల ఆ ఫ్యాక్టరీ నేటికీ నిలబడి ఉంది.

పాలమూరు పల్లెల్లో ఆకాశం నుండి బొమ్మ

రావు గారి ఫ్యాక్టరీ మన జిల్లాల దాకా వచ్చిన సందర్భం 1975లో జరిగింది. ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఎటిఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించారు. దానికి సైట్ అని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ కూడా ఉంది. ఆ పల్లెలకు పంపిన టీవీ సెట్లను ఈసిఐఎల్ తయారుచేసింది.

సినిమా హాలు కూడా లేని ఊళ్ళవి. పది అడుగుల వెడల్పు గల తీగ జాలీ గొడుగు ఒకటి బడి దగ్గరో, పంచాయతీ దగ్గరో నిలబెట్టారు. పగలు బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు. అరకకు, కూలికి, వలసకు అలవాటు పడ్డ పల్లె ముందుకు అంత దూరం నుండి వచ్చిన సంకేతాన్ని బొమ్మగా మార్చింది ఆ సెట్టు లోపలి ట్రాన్సిస్టర్లే. వోల్టేజి ఎప్పుడు ఎంత ఉంటుందో తెలియని కరెంటు మీద, దుమ్ములో, ఎండలో అవి పనిచేయవలసి వచ్చింది. ఎలక్ట్రానిక్స్ ధనికుల ఇంటి షోకు కాదని మన జిల్లా ఆనాడే చూసింది.

480 మంది అభ్యర్థులు, ఒక యంత్రం

1977లో ఎన్నికల సంఘం, ఓటు వేయడానికి ఎలక్ట్రానిక్ యంత్రం చేయడం వీలవుతుందేమో చూడమని ఈసిఐఎల్‌ను కోరింది. అప్పటికి రావు గారు ఇంకా సంస్థలోనే ఉన్నారు. 1978లో ఆయన పదవీ విరమణ చేశారు. 1979లో ఈసిఐఎల్ నమూనా యంత్రం తయారుచేసింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీలకు దాన్ని చూపించారు. 1989 నుండి ఈసిఐఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి ఈ యంత్రాలను సరఫరా చేస్తూ వచ్చాయి. 2004 సాధారణ ఎన్నికల్లో దేశమంతటా వీటితోనే పోలింగు జరిగింది.

దీనికీ నల్లగొండకూ ఒక ముడి ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా వేయవలసి వచ్చింది. ఆ తరం ఓటింగు యంత్రంలో ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 పేర్లు, నాలుగు యూనిట్లు కలిపితే 64 పేర్లు మాత్రమే పడతాయి. అంటే ఆ నిరసన ముందు అప్పటి యంత్రం కూడా చాలేది కాదు. తరువాత వచ్చిన ఎం-3 రకంలో 24 యూనిట్లు కలపవచ్చు, 384 పేర్లు పడతాయి. 2019లో నిజామాబాదులో రైతులు నిలబడగా 185 మంది అభ్యర్థులైనప్పుడు 12 యూనిట్లు కలిపి యంత్రాలతోనే పోలింగు జరిపారు. 2022లో మన మునుగోడు ఉపఎన్నికలో 47 మంది పోటీ చేస్తే మూడు యూనిట్లు సరిపోయాయి.

ఈ యంత్రం సొంత బ్యాటరీ మీద పనిచేస్తుంది, కరెంటు లేని తండాలో కూడా ఆగదు. మనం బటన్ నొక్కినప్పుడు తెరుచుకునేది, మూసుకునేది పైన చెప్పిన సిలికాన్ తూములే. మన నాన్న వేసినా, మంత్రి వేసినా అది ఒక్క ఓటుగానే లెక్క కడుతుంది.

రాని ఫ్యాక్టరీ చెప్పే పాఠం

అచ్చంపేట, కల్వకుర్తి వైపు నుండి శ్రీశైలం రోడ్డు మీద హైదరాబాదుకు వచ్చేవారు తుక్కుగూడ దగ్గర రావిర్యాల ప్రాంతం దాటి వస్తారు. 2006లో అక్కడ ఫ్యాబ్ సిటీ అని ప్రకటించారు. చిప్పులు చేసే పెద్ద కర్మాగారం వస్తుందని, వేల ఉద్యోగాలు వస్తాయని అందరూ ఆశపడ్డారు. భూమి ఇచ్చారు, రోడ్లు వేశారు. కాని ఆ చిప్ కర్మాగారం రాలేదు. ఆ స్థలంలో తరువాత సౌర పలకలు, ఇతర ఎలక్ట్రానిక్ వస్తువులు చేసే కంపెనీలు వచ్చాయి.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 76,000 కోట్ల రూపాయలతో సెమికండక్టర్ పథకం ప్రకటించింది. 2024లో గుజరాత్‌లోని ధోలేరాలో టాటా వారి చిప్ కర్మాగారానికి అనుమతి ఇచ్చింది. హైదరాబాదులో చిప్పులకు డిజైన్ చేసే ఇంజనీర్లు వేల సంఖ్యలో ఉన్నారు. కాబట్టి ఈ కథ ముగియలేదు. భూమి, డబ్బు, ప్రకటన ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ రాదు. పని తెలిసిన మనుషులు ఉంటే, ఒకసారి ఆగినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రావు గారు చూపించిన వరుస ఇదే. ముందు మనుషులు, ఆ తర్వాత మిషన్లు.

మనకు ఏం పనికొస్తుంది?

1972లో రావు గారికి పద్మభూషణ్ లభించింది. 2003 అక్టోబరు 31న ఆయన కన్నుమూశారు. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళందరూ ఆయన పోయిన తరువాత పుట్టినవాళ్ళే. ఈసిఐఎల్ ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నారు. పని నేర్పిన పెద్దమనిషికి పనివాళ్ళు ఇచ్చిన గౌరవం అది.

మనలో కొందరు చదువుకున్న బడుల్లో సైన్సు సామాను బీరువాలో పెట్టి తాళం వేసి ఉండేది. పిల్లలు పట్టుకుంటే పగులుతుందని భయం. డయోడ్‌ను బొమ్మలోనే చూసి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నాం. ఇది ఒక్క బడి సంగతి కాదు. పేద పిల్లల చేతికి వస్తువు ఇవ్వడానికి వెనుకాడే అలవాటు చాలా చోట్ల ఉంది. వస్తువు చేతికి రాకుండా విద్య రాదు.

ఆ లోటు తీర్చుకోవడం కొంతవరకు మన చేతుల్లో ఉంది. పాడైన చార్జరును ప్లగ్గు నుండి తీసి, కాసేపు ఆగి, విప్పి చూడవచ్చు. అందులో డయోడ్లు, కెపాసిటరు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు కనిపిస్తాయి. డయోడ్ ఒంటి మీద గీత ఉన్న వైపు కాథోడ్. మల్టీమీటరులో డయోడ్ గుర్తు దగ్గర పెట్టి చూస్తే మంచి సిలికాన్ డయోడ్ ఒకవైపు 0.5 నుండి 0.7 వోల్టుల దాకా చూపిస్తుంది, రెండోవైపు ఏమీ చూపించదు. రెండువైపులా చూపిస్తే అది పోయినట్టు. ఈ చిన్న పరీక్ష తెలిసినవాడికి పుస్తకంలోని పి-ఎన్ సంధి ఇక ఎప్పటికీ మరపు రాదు. ఎల్ఇడి బల్బులో సంధి గుండా కరెంటు పోతే వెలుగు వస్తుంది. సౌర పలకలో సంధి మీద వెలుగు పడితే కరెంటు వస్తుంది. ఒకటి వస్తే రెండవది దానంతట అదే అర్థమవుతుంది.

చదువు దారులు కూడా ఉన్నాయి. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి డిప్లొమా ఇసిఇలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఇసెట్ రాసి బిటెక్ రెండవ సంవత్సరంలోకి వెళ్ళవచ్చు. ఐటిఐ చదివినవారి కోసం ఈసిఐఎల్ ఇటీవలి సంవత్సరాల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడులలో అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తూ వచ్చింది. తెలుగు మీడియంలో చదివామని వెనుకడుగు వేయనక్కరలేదు. ఎలక్ట్రాన్‌కు ఏ భాషా రాదు. సర్క్యూటు సరిగ్గా కలిపితే వెలుగుతుంది, తప్పుగా కలిపితే వెలగదు. కులం, ఊరు, మీడియం అది అడగదు.

పాత విద్యార్థులైన అన్నలకు మా మనవి ఒకటి. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు స్వీట్లతో పాటు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, కొన్ని డయోడ్లు, ట్రాన్సిస్టర్లు తీసుకురండి. స్టడీ అవర్ తరువాత ఒక గంట కూర్చుని తమ్ముళ్ళకు చూపించండి. అవి చెడిపోతే చెడిపోనివ్వండి. ట్రాంబేలో రావు గారి బృందం మొదలైంది కూడా తమ చేతులతో తాము చేసుకోవడంతోనే.

తమ్ముళ్ళూ, ఆయనలాగా అందరమూ పెద్ద సంస్థలు పెట్టలేకపోవచ్చు. కాని పని తెలిసిన మనుషుల లెక్కలో మన హాస్టల్ పిల్లల పేర్లు కూడా ఉండాలి. ఆ లెక్క పెరిగిన నాడే మన గడ్డ మీదికి మిషన్లు వాటంతట అవే వస్తాయి.

– హాస్టల్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల బృందం